నాపరాయి మీద మూడక్షరాలు

పోయిన గురువారం మధ్యాహ్నం నేను నా సమాధిరాయిని చూశాను.

తమాషాకి అంటున్న మాట కాదు. ఒకటిన్నర అడుగుల వెడల్పున్న నాపరాయి పలక. పైన చిన్న సిలువ, దాని కింద మా అత్తవారి ఇంటిపేరు, ఆ కింద పెద్ద అక్షరాలతో ‘కృపామ’ అని చెక్కి ఉంది. నాలుగో అక్షరానికి పెన్సిలు గీత పడింది గాని ఉలి తగల్లేదు. నా పేరు కృపామణి. ఆ ఇంటిపేరుతో ఆ పేరున్న మనిషి ప్రత్తిపాడు చుట్టుపక్కల నేనొక్కదాన్నే.

చూసింది ఆ రాయి చెక్కిన మనిషి షెడ్డులోనే. ఆయన సోమవారం పొద్దున పని చేసుకుంటూ గుండె పట్టుకుని కూర్చుండిపోయాడట. లేవలేదు. నేను ఒంగోలులో ట్రైనింగులో ఉండి బుధవారం రాత్రికి గాని విషయం తెలుసుకోలేదు. మర్నాడు పలకరించడానికి వెళ్ళి, ఇంట్లో ఆడవాళ్ళ మధ్య కాసేపు కూర్చుని లేస్తుంటే ఆయన కూతురు షాహిదా నా వెనకే వచ్చింది. షెడ్డులోకి తీసుకెళ్ళి, గోడవారన రెండు సిమెంటు బస్తాలు పక్కకి జరిపి, గోనెపట్టా తీసింది.

"ఇది మీదే టీచరుగారూ," అంది. "నాన్న ఉన్నన్నాళ్ళూ మీకు చూపించొద్దన్నాడు. ఇప్పుడు షెడ్డు ఖాళీ చేస్తన్నాం. మీకు చెప్పకుండా దీన్నేం చెయ్యాలో తెలవలా."

కూర్చోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చుట్టూ చూశాను. అన్నీ రాళ్ళే. వాటిలో సగం మీద ఎవరెవరివో పేర్లు. చివరికి నిలబడే ఉన్నాను. చెయ్యి చాపి ‘కృ’ కింద ఉన్న వట్రసుడిని వేలితో తడిమాను. అంచు గరుకుగా లేదు. ఆయన అక్షరం చెక్కాక తడిగుడ్డతో, ఆ తరువాత సన్నటి రాతిముక్కతో అంచులు రుద్దేవాడు. నా పేరుకి కూడా రుద్దాడు.

"ఎవరు చెక్కించారు?" అని అడిగాను.

షాహిదా తల వంచుకుంది. "సారునే అడగండి," అంది.

సారు అంటే మా ఆయన.

*

ఆ రాయి చెక్కినాయన్ని ఊళ్ళో అందరూ రాళ్ళ సాయిబు అనేవాళ్ళు. అసలు పేరు చాలామందికి తెలియదు. గుంటూరు రోడ్డు మీద, మిరప కల్లాల పక్కన, నాలుగు సిమెంటు స్తంభాల మీద రేకులు వేసిన షెడ్డు. మా సమాధుల తోటలో రాళ్ళూ, గుడికి చందాలిచ్చినవాళ్ళ పేర్ల రాళ్ళూ, ప్రారంభోత్సవాల శిలాఫలకాలూ, కొత్త ఇళ్ళ గుమ్మాల పక్కన పెట్టే పేర్లూ అన్నీ ఆయన చేతివే. మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో ఆ దారిన పోయేవాళ్ళందరం తుమ్ముకుంటూ పోతుంటే ఆయన మాత్రం నిమ్మళంగా కూర్చుని చెక్కుకునేవాడు. "రాతిపొడి పీల్చీ పీల్చీ నా ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది," అనేవాడు.

నేను ఇక్కడి హైస్కూలుకి సోషల్ టీచరుగా బదిలీ అయి వచ్చిన ఏడాది శిలల పాఠం చెప్పాల్సి వచ్చింది. అగ్నిశిలలకీ అవక్షేపశిలలకీ తేడాలు రాయుము అంటే మా పిల్లలు అడ్డగీత, నిలువుగీత కొట్టి కళ్ళు మూసుకుని రాసేస్తారు. చేత్తో పట్టుకుని చూసినవాడు ఒక్కడూ లేడు. అందుకని ఆయన షెడ్డుకి వెళ్ళాను.

"ఏం రాళ్ళు కావాలమ్మా?" అన్నాడు తల ఎత్తకుండానే.

"ఒక అగ్నిశిల, ఒక అవక్షేపశిల కావాలండి. చిన్న ముక్కలైనా చాలు."

"అయ్యి నాకాడ లేవు. నల్లరాయీ నాపరాయీ ఉండయ్."

అవే ఇవని నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, లేచి వెళ్ళి, ఇంచుమించు ఒకే కొలతలో ఉన్న రెండు ముక్కలు తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టాడు. చీమకుర్తి నుంచి వచ్చిన నల్లరాయి చెయ్యిని కిందికి లాగింది. పల్నాడు నాపరాయి అంత బరువు లేదు. తరువాత అన్నం క్యారియరు మూత తీసి, పిండగా మిగిలిన నిమ్మచెక్క తెచ్చి రెండింటి మీదా తలో చుక్క వేశాడు. నల్లరాయి మీద చుక్క ముత్యంలా అలాగే కూర్చుంది. నాపరాయి మీద సన్నగా నురగ వచ్చింది.

"నీళ్ళలో పుట్టింది పులుపుకి లొంగుద్ది. నిప్పులో పుట్టింది లొంగదు," అన్నాడు. తరువాత నాపరాయి ముక్కని నిలబెట్టి, దాని అంచు మీద ఉలి ఆనించి రెండు దెబ్బలు వేశాడు. అది పుస్తకం తెరిచినట్టు రెండు పలకలయింది. నల్లరాయి మీద అలాగే కొడితే ఉలి ఎగిరి నా కాలి దగ్గర పడింది.

"మీ పుస్తకం రాసినోళ్ళు ఎప్పుడన్నా రాయి కొట్టారా?" అని అడిగాడు. తెలియదన్నాను.

నాపరాయిలోని ఒక్కో పొర ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న బురద అని చెబితే ఆయన నమ్మలేదు. "సముద్రం వాడరేవులో గదమ్మా ఉంది. పల్నాడుకి ఎందుకుపోద్ది?" అన్నాడు. ఇప్పటి మాట కాదు, మనుషులు పుట్టకముందు అన్నాను. పలకని కాసేపు అటూ ఇటూ తిప్పి, నాలుకకి ఆనించి చూసి, "ఉప్పగా లేదే," అన్నాడు. నల్లరాయి సంగతి కూడా చెప్పాను. అది అగ్నిపర్వతంలోంచి బయటికి పొంగిన లావా కాదు. అలా పొంగిన రాయి గాలి తగిలి గబగబా చల్లారుతుంది గనక అందులో గింజ కట్టదు. చీమకుర్తి రాయి భూమి లోపలే ఉండిపోయి, లక్షల ఏళ్ళు తీరిగ్గా చల్లారింది. అందుకే దాంట్లో ఆ మెరుపులు. ఇది మాత్రం ఆయనకి నచ్చింది. "మిరపకాయల్లాగే. ఎండబెట్టేదాన్ని బట్టే రంగు," అన్నాడు.

మర్నాడు మూడో పీరియడులో తరగతి గుమ్మంలో నిలబడ్డాడు. భుజాన గోనెసంచి, అందులో రాళ్ళు, ఉలి, సుత్తి, అరడజను నిమ్మకాయలు. ఆ రోజు పాఠం ఆయనే చెప్పాడు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూశారు. చివర్లో ఒక పిల్ల లేచి, "తాతా, రెండిట్లో ఏది గొప్ప?" అని అడిగింది.

"సమాధికైతే నల్లది. పచ్చడి నూరడానికైనా నల్లదే," అన్నాడు. కొంచెం ఆగి, "తప్పు చేసేవాడికైతే నాపరాయి," అన్నాడు.

ఎందుకని ఆ పిల్ల మళ్ళీ అడిగింది. ఆయన వినపడనట్టు రాళ్ళు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

*

అప్పటి నుంచి నాకు ఫోన్లు మొదలయ్యాయి. నెలకి రెండు మూడుసార్లు, సరిగ్గా నేను తరగతిలో ఉన్నప్పుడే చేసేవాడు.

"టీచరమ్మా, జ్ఞాపకార్థంలో థ కి చుక్క ఉంటదా?"

"ఉంటుందండి. పోయిన నెల కూడా అడిగారు."

"పోయిన నెల వేరే మనిషి గదా పోయింది."

జ్ఞాపకార్థం అనే మాట ఆయన కొన్ని వందలసార్లు చెక్కి ఉంటాడు. నిజంగా మరిచిపోయేవాడని నేననుకోను. చెక్కేముందు ఎవరో ఒకరిని అడగాలి, అంతే. ణ దగ్గరా ళ దగ్గరా మరీ పట్టుదల. ఎవరి కొడుకైనా వచ్చి మా అమ్మ పేరు ఇలాగే రాస్తామంటే, ఆధార్ కార్డు చూపించమనేవాడు. ఆ కార్డులో ఉన్నది కూడా తప్పేనని కొడుకుతోనే వాదం వేసుకునేవాడు. బేరానికొచ్చినవాళ్ళు విసుక్కుని లేచి వెళ్ళిపోవడం నేను రెండుసార్లు చూశాను. ఆయన లెక్కచేయలేదు. పెదకాకాని వైపు ఎవరో యంత్రం పెట్టారు, ఫోటోతో సహా గంటలో చెక్కిస్తారు అంటే, "గంటలో చెక్కించుకుంటే గంటలో మర్చిపోతారు," అన్నాడు.

ఇంకొక అలవాటు. ఎవరు ఏ పేరు తెచ్చినా ముందు నాపరాయి పలక మీద చెక్కేవాడు. ఇంటివాళ్ళని పిలిచి మూడుసార్లు పైకి చదివించేవాడు. సరే అన్న తరువాతే నల్లరాయి ముట్టుకునేవాడు. నాపరాయి మీద చెక్కింది ఇసక వేసి, నీళ్ళు పోసి, రాతితో రుద్ది చెరిపేసి మళ్ళీ ఇంకో పేరుకి వాడేవాడు. ఒక్క పనికి రెండు పనులు. ఎందుకండీ ఈ చాకిరీ అని ఒకసారి అడిగాను. ఆ రోజు బాగా వాన. కరెంటు లేదు. కల్లాల్లో కాయల మీద పట్టాలు కప్పడానికి జనం పరుగెడుతున్నారు. నేను ఆ షెడ్డులో చిక్కుకుపోయాను. అప్పుడు చెప్పాడు.

ఆయనకి ముప్పై ఏళ్ళప్పుడు చీరాల వైపు ఒక పల్లె నుంచి ఒక తండ్రి కబురు పెట్టాడట. ఇద్దరు మగపిల్లల్లో ఒకడు కాలవలో పడి పోయాడు. వచ్చిన చీటీలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఫలానావాడి తమ్ముడు ఫలానా అని. ఈయన చదువు అంతంతమాత్రం. బతికున్నవాడి పేరు చెక్కాడు, నల్లరాయి మీద. బండిలో వేసుకుని తీసుకెళ్ళి, తనే దగ్గరుండి నిలబెట్టాడు. ఆ తల్లికి చదవడం వచ్చు.

"తిట్టలేదమ్మా," అన్నాడు. "ఏడవను కూడా ఏడవలా. పక్కన నిలబడ్డ పిల్లోణ్ణి దగ్గరికి లాక్కుని, వాడి కళ్ళు మూసింది, రాయి చూడకుండా. ఆ తరవాత నా వంక చూసింది."

"ఆ రాయి?"

"నల్లరాయి మీద పడింది పోదు గదా. యంత్రం మీద అంగుళం మందం కోయించాలి. అప్పుడు ఈ చుట్టుపట్ల యంత్రం ఏది? సమ్మెట తీసుకుని పగలగొట్టా. పగలగొడతా ఉంటే ఆ పిల్లోడు వాళ్ళమ్మ చెయ్యి తప్పించుకుని చూశాడు. వాడికి వాడి పేరు చదవడం వచ్చు."



*

కరోనా రెండోసారి వచ్చినప్పుడు నేను గుంటూరులో ఒక ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులు ఉన్నాను. వాటిలో పదకొండు రోజులు నాకు తెలియవు. ఇంటికొచ్చిన రెండు నెలలకి ఆయన షెడ్డు ముందు ఆటో ఆపించి దిగితే, ఉలి పక్కన పెట్టి, నన్ను తలనుంచి కాలిదాకా చూసి, "చిక్కిపోయావు," అన్నాడు. అంతే అన్నాడు. ఆ తరువాత ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు వెళ్ళానో. టీ తాగాను, రాళ్ళ సంగతులు మాట్లాడాను, అక్షరాలు దిద్దాను. గోడవారన గోనెపట్టా కింద నా పేరు ఉందని ఆయన ముఖంలో ఒక్కసారి కూడా కనపడలేదు. అంత మాట దాచుకున్న మనిషి, థ కి చుక్క ఉంటుందా అని నెల నెలా ఫోను చేసేవాడు. గురువారం నాకు అన్నిటికంటే తట్టుకోలేనిదిగా అనిపించింది అదే.

షాహిదా రాయిని ఏం చెయ్యమంటారని అడిగితే, ఉండనీ, తరువాత చెబుతానని ఇంటికి వచ్చేశాను.

మా ఆయన పత్తి జిన్నింగ్ మిల్లులో మెకానిక్కు. ఆ సాయంత్రం వాకిట్లో కూర్చుని నీళ్ళ మోటారు విప్పుతున్నాడు. నేను చెప్పులు కూడా విడవకుండా ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"రాళ్ళ సాయిబు షెడ్డులో నా సమాధిరాయి చూశాను," అన్నాను.

ఆయన చేతిలో స్పానరు ఉంది. దాన్ని నేల మీద పెట్టడానికి చాలాసేపు పట్టింది.

"ఆయన చెరిపేశాడనుకున్నా," అన్నాడు చివరికి.

"నేను ఊపిరి కోసం కొట్టుకుంటుంటే మీరు నాకు రాయి చెక్కించారా?"

"అవును."

నేను కాదంటాడనుకున్నాను. ఏదో ఒక సాకు చెబుతాడనుకున్నాను. అవును అనేసరికి మెట్టు మీద కూర్చున్నాను. ఆయన మోటారు వంకే చూస్తూ చెప్పాడు.

నన్ను చేర్చిన నాలుగో రోజున మా వీధి చివరింటాయన అదే ఆసుపత్రిలో పోయాడు. ఆయన శవాన్ని ఇవ్వలేదు. నలుగురితో కలిపి ఎక్కడో పూడ్చారన్నారు. ఎక్కడో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఆయన భార్య ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి, ఏ దిక్కుకి తిరిగి ఏడవాలి అని అందరినీ అడిగిందట. ఆ మధ్యాహ్నమే డాక్టరు మా ఆయనకి ఫోను చేసి, నా విషయంలో ఆశ పెట్టుకోవద్దన్నాడు.

"అక్కణ్ణించి ఇంటికి రాలేకపోయా," అన్నాడు. "బండి సాయిబు షెడ్డు దగ్గర ఆగింది. నిన్నివ్వకపోయినా మీ అమ్మ సమాధి పక్కన నీ పేరన్నా ఉండాలి గదా. నల్లరాయి కావాలన్నా. మనిషి ఉందా పోయిందా అన్నాడు. ఉంది అన్నా. అయితే నల్లరాయి లేదన్నాడు. ఆయన వెనకాల గోడకి నాలుగు ఆనించి ఉండయ్. నాకు కనపడతన్నయ్. లేదంటాడు."

"మరి?"

"నేను లేవలా. ఏడుస్తా కూర్చున్నా. చాలాసేపు చూసి, ఆ నాపరాయి పలక ముందేసుకున్నాడు. రోజుకి కొంచెం చెక్కుతా, వచ్చి కూర్చో అన్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర నుంచుని, పోలీసులు తరిమినాక అక్కడికి పొయ్యేవాణ్ణి. మనూళ్ళో ఒక్కరు నన్ను గుమ్మం తొక్కనివ్వలా అప్పుడు. అంటుకుంటదని. ఆయన నా పక్కనే కూర్చున్నాడు."

సిలువకి రెండు రోజులు పట్టిందట. ఇంటిపేరుకి నాలుగు రోజులు. నా పేరు మొదలయ్యాక చెయ్యి ఇంకా నిదానించింది. చెక్కినదాన్నే మళ్ళీ రుద్దేవాడు, రుద్దినదాన్నే తుడిచేవాడు. మూడో అక్షరం అయిన రోజున ఉలి కింద పెట్టాడు.

"ఆఖరుది ణ నా న నా అని అడిగాడు నన్ను. ణ అన్నా. నువ్వు మెకానిక్కువి, నీకేం తెలుసు, టీచరమ్మని అడిగి చెక్కుతా అన్నాడు. ఆమె మాట్లాడే స్థితిలో లేదు గదయ్యా అన్నా. మాట్లాడినప్పుడే అడుగుతాలే, నాకేం తొందర అన్నాడు. నేను కోప్పడ్డా. ఏడ్చా. డబ్బు ముందే ఇస్తానన్నా. ఉలి ముట్టుకోలా. మళ్ళీ ముట్టుకోలా."

వీధిలో మిరపకాయ బస్తాల లారీ ఒకటి పోయింది. మా ఆయన విప్పిన బోల్టులు ఏరి ఒక పక్కకి పెట్టాడు.

నాకు మా ఆయన మీద కోపం పోలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా పూర్తిగా పోలేదు. ఇన్నేళ్ళు నా కంచం పక్కనే కూర్చుని ఒక్క మాట చెప్పకుండా ఉన్నందుకు, ఆశ వదిలేసుకున్నందుకు, వదిలేసుకున్నానని ఇప్పుడు ఇంత సూటిగా ఒప్పుకున్నందుకు. కానీ రెండో మనిషి మీద ఏ భావం పెట్టుకోవాలో అసలు తెలియలేదు. నేను స్పృహ లేకుండా పడి ఉన్న రోజుల్లో, నాకు ఏమీ కాని మనిషి ఒకడు, నా అక్షరం ఒకటి నేనే వచ్చి చెప్పాలని పట్టుబట్టి కూర్చున్నాడు. ఆ సంగతి తెలియకుండా నేను ఆయన్ని, పోయిన నెల కూడా అడిగారు గదండీ అని విసుక్కున్నాను.

"నేను బతుకుతానని ఫోను వచ్చిన రోజు?" అని అడిగాను.

"చెప్పడానికి పరిగెత్తా. సంతోషపడతాడనుకున్నా. సరే, ఇంటికి పోయి అన్నం వండటం నేర్చుకో అన్నాడు. ఆమె వచ్చి పొయ్యి కాడ నిలబడలేదు, ఇన్నేళ్ళూ ఆమే గదా వండింది అన్నాడు. ఆయనే నేర్పాడు. షెడ్డు వెనకాల మూడు రాళ్ళ పొయ్యి మీద. రెండు రోజులు మాడింది. మూడో రోజు ముద్దయింది."

నేను ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు గుర్తొచ్చింది. మంచం మీదికి పళ్ళెంలో అన్నం, పప్పు వచ్చాయి. ఎవరు వండారని అడిగితే, అక్క పంపిందన్నాడు మా ఆయన. మెతుకు లోపల పలుకుగా ఉంది. నేను మొహం చిట్లించి, ఇదేం అన్నం అని పళ్ళెం పక్కకి నెట్టేశాను.

"ఆ రోజు సగం వదిలేశాను," అన్నాను.

"సగం తిన్నావు," అన్నాడు మా ఆయన. "ఆ మాటే పోయి ఆయనకి చెప్పా. ఆ రోజింక పని చెయ్యలా ఆయన. ఉలీ సుత్తీ కడుక్కుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు."